సంచీ మార్చే పది నిమిషాలు

వంటలూ వ్రతాలూ పిల్లల చదువులూ వచ్చే మన పత్రికలో ఇలాంటి సంగతి రాయవచ్చా అని నాలుగు రోజులు తటపటాయించాను. మొన్న కొరాపుట్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు పక్క వీధి తెలుగావిడ ఒకామె నన్ను పెరట్లోకి పిలిచి, అటూ ఇటూ చూసి, "పిన్నిగారూ, మా మామయ్యగారికి కూడా బాబాయిగారికి అయిన ఆపరేషనే అయింది. ఆ సంచీతో మీరెలా వేగుతున్నారు?" అని గుసగుసగా అడిగింది. అంత గొంతు తగ్గించి అడగవలసి వచ్చిందే అనిపించి, ఇక రాయాలనే నిశ్చయించుకున్నాను.

మూడేళ్ళ కిందట మావారికి పెద్దపేగు చివర కంతి ఉందని విశాఖపట్నంలో ఆపరేషను చేశారు. మలద్వారం మూసేసి, పేగు కొసను పొట్ట మీద ఎడమవైపు బయటికి తీసి కుట్టారు. దీన్ని కొలోస్టమీ అంటారు. చిన్నపేగును బయటికి తెస్తే ఇలియోస్టమీ. అది సాధారణంగా కుడివైపు ఉంటుంది. బయటికి కనిపించే ఆ పేగు నోటిని స్టోమా అంటారు. దాని చుట్టూ చర్మానికి ఒక ప్లేటు అంటించి, ప్లేటుకు సంచీ తగిలిస్తారు. ఆపుకోవడానికి అక్కడ కండరం ఉండదు కనుక విసర్జన దాని వేళకు అదే వస్తుంది.

ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు సంచీ ఎలా మార్చాలో ఒకసారి చూపించారు. నేను చూశాను. మావారు గోడవైపు ముఖం తిప్పుకున్నారు. రాయగడ వచ్చాక అంతా నేనే చేశాను. ఆయన కళ్ళు మూసుకుని పడుకునేవారు, నేను కడిగి మార్చేదాన్ని. "నీ చేత ఇలాంటి పని చేయించుకునే గతి పట్టింది" అని మాత్రం అనేవారు. భార్యను కాక మరెవరు చేస్తారు అని నేను గొప్పగానే అనుకున్నాను.

రెండు నెలలకు చుట్టూ చర్మం ఎర్రగా ఒరుసుకుపోయింది. మనకు తెలిసిన మందేమిటి? కొబ్బరినూనె. శుభ్రంగా కడిగి నూనె రాసి ప్లేటు అంటించేదాన్ని. అది పూటకే ఊడిపోయేది. ఊడిన చోట టేపు వేసేదాన్ని. ఒకరోజు పక్కింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్ళాం. కథ నాలుగో అధ్యాయంలో ఉండగా మావారు ఉలిక్కిపడి నడుం దగ్గర పంచె పట్టుకుని లేచారు. ఎవరితోనూ మాట్లాడకుండా, చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికి వచ్చేశారు. ప్రసాదం నేను తెచ్చి ఇచ్చినా ముట్టుకోలేదు.

ఆ తర్వాత నాలుగు నెలలు గుమ్మం దాటలేదు. శుక్రవారం మజ్జిగౌరి అమ్మవారి గుడికి వెళ్ళడం మానేశారు. "ఎప్పుడూ అశుచితో ఉండేవాణ్ణి, దేవుడి గదిలోకి ఎలా వస్తాను?" అని ఇంట్లో దీపం కూడా నాకే వదిలేశారు. రాత్రి అన్నం మానేస్తే ఏమీ రాదని పస్తులుండేవారు. ఖాళీ కడుపులో గాలి చేరి సంచీ ఇంకా ఉబ్బేది.

బొబ్బిలి నుంచి మా వదినగారు, అంటే ఆయన అక్కగారు, చూడటానికి వచ్చారు. సంగతంతా విని, "ఒరే తమ్ముడూ, మేమందరం కడుపులో మోసుకుంటూనే కదరా గుడికి వెళ్తున్నాం? నీది సంచీలో మూతపెట్టి ఉంది, అంతే కదా!" అన్నారు. ఆయన ఆరు నెలల్లో మొదటిసారి నవ్వారు. మర్నాడే ఆవిడ మమ్మల్నిద్దరినీ రైలెక్కించి విశాఖపట్నం తీసుకెళ్ళారు.

అక్కడ ఈ పని తెలిసిన నర్సు ఒకావిడ ప్లేటు తీసి చూసి, నా పొరపాట్లు రెండు చెప్పింది. ఆపరేషను అయిన కొత్తలో స్టోమా వాచి ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో తగ్గి చిన్నదవుతుంది. నేనేమో మొదటిరోజు ఇచ్చిన అట్టముక్క కొలతతోనే ప్లేటుకు రంధ్రం కత్తిరిస్తున్నాను. మిగిలిన ఖాళీలో మలం చర్మానికి తగిలి ఒరుపు వచ్చింది. రెండోది నూనె. నూనె ఉన్న చర్మానికి ఏ జిగురూ అంటుకోదు. ప్రేమతో రాసిన నూనే ఆయన్ను వ్రతం పీటల దగ్గర నుంచి లేపేసిందని తెలిసి నాకు నోట మాట రాలేదు.

ఆ తర్వాత ఆమె కత్తెర నాకివ్వలేదు, ఆయన చేతికిచ్చింది. "అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి" అంది. నిజం చెప్పొద్దూ, నాకు చాలా కష్టమనిపించింది. ఇన్నాళ్ళూ చేసిన నన్ను బయటికి పంపడమేమిటని బల్ల మీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నాను. అరగంటకు మావారు చొక్కా సర్దుకుంటూ వచ్చి, "నేనే అంటించుకున్నానే" అన్నారు. మా అబ్బాయికి ఉద్యోగం వచ్చినరోజు కూడా ఆయన గొంతులో అంత సంతోషం వినలేదు.

ఇప్పుడు ఆయన చేసే పద్ధతి రాస్తాను. పేగు నిదానంగా ఉండేది పొద్దున్నే, కాఫీ తాగకముందే. అప్పుడు కత్తెర, కొత్త ప్లేటు, సంచీ, మెత్తని గుడ్డ, గోరువెచ్చని నీళ్ళు, పాత పేపరు ముందే దగ్గర పెట్టుకుంటారు. పాత సంచీ ఖాళీ చేసి, ఒక చేత్తో చర్మాన్ని నొక్కిపట్టి, ప్లేటును పైనుంచి కిందికి మెల్లగా ఒలుస్తారు. లాగెయ్యకూడదు. ఉత్త నీళ్ళతో తుడిస్తే చాలు. డెటాల్, స్పిరిట్, పౌడరు, నూనె ఏదీ వద్దు. స్టోమా మన నోటి లోపలి చర్మంలా ఎర్రగా తడిగా ఉంటుంది. తాకితే నొప్పి తెలియదు. తుడిచేటప్పుడు ఒకటి రెండు రక్తపు చుక్కలు వస్తే భయపడనక్కరలేదు. చర్మాన్ని బాగా ఆరనిచ్చి, స్టోమా కంటే రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే ఎక్కువగా రంధ్రం కత్తిరిస్తారు. ప్లేటును అరచేతుల మధ్య కాస్త వెచ్చచేసి అంటించి, ఒక నిమిషం చెయ్యి ఆనించి ఉంచుతారు. అంతా పది నిమిషాల పని.

ప్లేటు మూడు నాలుగు రోజులకొకసారి మారుస్తారు. అడుగున దురద, మంట వచ్చిందంటే లోపల కారుతున్నట్టే. టేపు వేసి కప్పకుండా వెంటనే మార్చాలి. సంచీ మూడోవంతు నిండగానే ఖాళీ చెయ్యాలి, బరువైతే ప్లేటును లాగేస్తుంది. తీసేసిన సంచీని మరుగుదొడ్లో వెయ్యకుండా పేపర్లో చుట్టి, కవర్లో కట్టి చెత్తలో వెయ్యాలి. ఎండాకాలం రేకుల కింద అలమారాలో పెడితే జిగురు పాడవుతుంది కనుక కొత్తవి చల్లని చోట దాచాలి.

తిండికి వస్తే మావారు అన్నీ తింటారు. ఉల్లి, క్యాబేజీ, గుడ్డు వాసన పెంచుతాయని ప్రయాణం ముందురోజు మానేస్తారు. మజ్జిగ మాత్రం తప్పదు. ఇలియోస్టమీ వారి సంగతి వేరు. వారికి నీరూ ఉప్పూ ఎక్కువగా పోతాయి కాబట్టి ఎంత తాగాలో డాక్టరును అడిగి తెలుసుకోవాలి. కొబ్బరి, పుట్టగొడుగులు, మన కొండల్లో వానాకాలం వచ్చే వెదురుకొమ్ములు సరిగా నమలకపోతే అడ్డుపడతాయి. ఎవరికైనా స్టోమా నల్లబడినా, రక్తం ఆగకపోయినా, ఏమీ రాకుండా కడుపునొప్పీ వాంతులూ మొదలైనా ఇంటి వైద్యం చెయ్యకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి.

ఈ సంచీ కథ తెలిశాక నాకు ధైర్యం వచ్చింది. 1954లో డెన్మార్క్‌లో ఎలీసె సోరెన్‌సెన్ అనే నర్సు, తన చెల్లెలు థోరా ఆపరేషను తర్వాత నలుగురిలోకి వెళ్ళడానికి భయపడుతుంటే చూడలేక, చర్మానికి అంటుకునే సంచీ ఆలోచించింది. అంటే ఇది పుట్టిందే ఇల్లు కదలని ఒక మనిషిని బయటికి తేవడానికి. 1958లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో డాక్టర్ రూపర్ట్ టర్న్‌బుల్, తానే ఇలియోస్టమీ ఉన్న నార్మా గిల్ అనే ఆవిడను రోగులకు నేర్పడానికి పెట్టుకున్నారు. అనుభవించినవారు చెబితేనే మనసుకు ఎక్కుతుందని ఆయనకు తెలిసింది. 1993 నుంచి మూడేళ్ళకొకసారి అక్టోబరు మొదటి శనివారం ప్రపంచ ఓస్టమీ దినం జరుపుతున్నారు. ముంబయిలో ఓస్టమీ అసోసియేషన్ ఆఫ్ ఇండియా కూడా ఉంది.

ఇంకొక ముచ్చట. టర్న్‌బుల్ చర్మం కాపాడటానికి వాడింది కరాయ బంక. అది మన తపసి చెట్టు బంకే! గిరిజనులు కొండల్లో చెట్టుకు గాటు పెట్టి తీసి, సంతకు తెచ్చేది. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొంటున్నది కూడా ఇదే. తడి పీల్చి ఉబ్బి, తడి చర్మానికీ అంటుకోవడం దాని గుణం. ఇప్పటి ప్లేట్లలో ఎక్కువగా పెక్టిన్, జిలాటిన్, సెల్యులోజ్ రకాలు వాడుతున్నారు. మావారు పెళ్ళికి ముందు పార్వతీపురంలో ఒక షావుకారు దగ్గర గుమాస్తాగా ఈ బంకే తూచేవారు. "ఎవరికోసం తూచానో అప్పుడు తెలీలేదు" అని ఇప్పుడు నవ్వుతారు.

మొన్నటి కొరాపుట్ ప్రయాణం ఆపరేషను తర్వాత ఆయన మనవడి పుట్టినరోజుకు వెళ్ళడం మొదటిసారి. ముందే కత్తిరించిన రెండు ప్లేట్లు, సంచీలు, గుడ్డ, నీళ్ళసీసా చేతిసంచీలో పెట్టుకున్నారు. రాయగడ దాటాక సొరంగాలు మొదలైతే చిన్నప్పటిలా లెక్కపెట్టడం మొదలెట్టారు.

పక్క వీధి ఆవిడ అడిగిన మాట ఆయనకు చెప్పగానే చొక్కా మార్చుకుని బయల్దేరారు. ఆ ఇంట్లో పెద్దాయన ముసుగుతన్ని పడుకుని ఉన్నారు. మావారు మంచం మీద కూర్చుని, "మీరిద్దరూ వరండాలో కూర్చోండమ్మా" అన్నారు. ఈసారి నాకు కష్టమనిపించలేదు. కాసేపటికి లోపలినుంచి "అమ్మాయ్, పదునైన కత్తెర ఉందా?" అని వినిపించింది. ఆ గొంతు మావారిది కాదు, పెద్దాయనది.

చదివిన మీ ఇంట్లోనో మీ వీధిలోనో ఇలాంటివారుంటే సేవ చెయ్యండి, కానీ కత్తెర వారి చేతికివ్వండి. ఈ మాట మాత్రం గొంతు తగ్గించకుండా చెబుతున్నాను.