శోధన వేళ ఏ వాక్యం?

తెలుగు బైబిలు చదివేవారికి ‘శోధన’ అన్న మాట బాగా పరిచితం. ఇతరులకు ఆ మాట వినగానే పరిశోధన, అన్వేషణ గుర్తుకు వస్తాయి. సంస్కృతంలో దానికి శుద్ధి చేయడమన్న అర్థం కూడా ఉంది. బైబిలులో అది మనిషిని పరీక్షకు నిలబెట్టడమూ అవుతుంది, ప్రలోభపెట్టడమూ అవుతుంది. మూలమైన గ్రీకులోనూ ‘పైరాస్మోస్’ అనే ఒకే పదం ఈ రెండర్థాలనూ మోస్తుంది. జీవితంలోనూ ఈ రెండూ వేరువేరుగా రావని నా అభిప్రాయం. వచ్చిన కష్టం పరీక్ష అయితే, అందులోనుంచి బయటపడడానికి కనిపించే అడ్డదారి ప్రలోభం.

శోధన ప్రసక్తి వచ్చినప్పుడు క్రైస్తవులు మొదట తలచుకొనేది యేసు అరణ్యంలో గడిపిన 40 దినాలను. ఆకలిగొన్నవానితో రాళ్ళను రొట్టెలుగా చేసుకొమ్మంటాడు అపవాది. దేవాలయ శిఖరంనుంచి దూకి చూపమంటాడు. తనకు మొక్కితే లోకరాజ్యాలన్నీ ఇస్తానంటాడు. యేసు మూడుసార్లూ లేఖనంతోనే బదులిచ్చాడని చిన్ననాటినుంచి సండే స్కూలులో వింటూనే ఉన్నాం. అయితే ఆ జవాబులు ఎక్కడివో వెదికి చూసేవారు తక్కువ. మూడూ ఒక్క ద్వితీయోపదేశకాండంలోనివే. అందులోనూ 6, 8 అధ్యాయాలలోనివే. నా పాత బైబిలులో అవి కొద్ది పుటలు మాత్రమే.

ఇశ్రాయేలీయులు 40 ఏండ్లు ఎడారిలో తిరిగి, వాగ్దాన దేశపు పొలిమేరలో నిలిచినప్పుడు మోషే చెప్పిన మాటలవి. రొట్టె గురించిన మాట, వారు ఆకలితో అలమటించి మన్నా తిన్న రోజులను జ్ఞాపకం చేస్తుంది. దేవుణ్ణి పరీక్షించవద్దన్న మాట, మస్సా అనే చోట నీళ్ళకోసం వారు చేసిన రగడను ఎత్తిచూపుతుంది. మూడవదే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. దేవుని ఒక్కనినే సేవించాలన్న ఆ ఆజ్ఞకు కాస్త ముందు ఒక హెచ్చరిక ఉంది: మీరు నింపని ఇండ్లు, త్రవ్వని బావులు, నాటని తోటలు చేతికి వచ్చి కడుపు నిండినప్పుడు జాగ్రత్తగా ఉండమని. ఆకలి తెచ్చే శోధన ఒకటైతే, చెమటోడ్చకుండా అందే కలిమి తెచ్చే శోధన మరొకటి. చుట్టూ ఉన్న వచనాలు కూడా చదివితేనే ఇది బోధపడుతుంది.

ఎందుచేతనంటే, అపవాదికి కూడా లేఖనం కంఠతా వచ్చు! రెండవ శోధనలో అతడు 91వ కీర్తన వల్లిస్తాడు. దేవదూతలు చేతులతో ఎత్తిపట్టుకొంటారన్న వాగ్దానం అది. మనిషి నడిచే దారులన్నిటిలో కాపుదల ఉంటుందన్న భాగాన్ని మాత్రం మెల్లగా జారవిడుస్తాడు. సింహాన్నీ నాగుపామునూ త్రొక్కడం గురించిన తరువాతి వచనం దాకా రానేరాడు. అతడు ఎత్తుకొన్నది వాగ్దానం. యేసు బదులు పలికినది ఆజ్ఞ. మన సంఘాలలో కొత్త సంవత్సరపు ఆరాధనలో వాగ్దాన కార్డు తీసుకొని ఇంటిగోడకు అంటించుకొంటాం. ఆ ఆదరణను నేను తక్కువ చేయను. మా ఇంట్లోనూ ఒకటుంది. ఆజ్ఞల కార్డులు అచ్చువేసి పంచినవారిని మాత్రం ఇంతవరకు చూడలేదు.

1987 నాటి ఒక సంఘటన లేకుంటే ఇదంతా నాకు పుస్తకాల చదువుగానే మిగిలి ఉండేది. అప్పట్లో రోడ్డు పనుల కొలతలు వ్రాసే చిన్న ఇంజనీరును నేను. మేము కొలిచి ‘ఎం బుక్’లో ఎక్కిస్తేనే కంట్రాక్టరుకు బిల్లు మంజూరవుతుంది. రెండు పల్లెల నడుమ వేసిన రోడ్డు అది. రోలరు త్రొక్కించిన తరువాత కంకర పొర 75 మిల్లీమీటర్లు ఉండాలి. నాలుగు చోట్ల గుంటలు త్రవ్వించి చూస్తే ఎక్కడా 60 దాటలేదు. అదే నెలలో నా భార్యకు ఆపరేషన్ తప్పదని డాక్టరు చెప్పారు. 9,000 రూపాయలు కావాలి. నా చేతిలో 2,000 కూడా లేవు.

కంట్రాక్టరు మా సంఘస్థుడే, వయసులో నాకన్నా పెద్ద. ఒక రాత్రి ఇంటికి వచ్చి, “చెల్లెమ్మ సంగతి విన్నాను బ్రదర్. అప్పే అనుకోండి, చేతిలో ఉన్నప్పుడే ఇద్దురుగాని” అంటూ కవరు బల్లమీద పెట్టారు. కొలతల ఊసే ఎత్తలేదు. పైగా, దేవుడు తన ప్రియులకు నిద్రలోనే సమకూరుస్తాడని కీర్తనకారుడు చెప్పలేదా అన్నారు. నిజమే, 127వ కీర్తనలో ఆ భావం ఉంది. అదే నన్ను కలవరపెట్టింది. మొరటుగా నోట్లు విసిరేవాణ్ణి కసరి పంపవచ్చు. ఆప్యాయంగా పలకరించి వాక్యం చెప్పే మనిషిని కాదనడం అంత సులభం కాదు. “రేపు మాట్లాడుకొందాం అన్నా, కవరు మాత్రం తీసుకువెళ్ళండి” అన్నాను.

ఆయన వెళ్ళాక మోకరించాను. ప్రార్థించగానే ఆశ అణగిపోతుందని బోధించేవారున్నారు. నాకు అలా జరగలేదు. ఆ డబ్బు కావాలన్న కోరిక తెల్లవారేదాకా తొలుస్తూనే ఉంది. కాని దేవునితో చెప్పుకోవాలంటే చెప్పే సంగతికి ఒక పేరు పెట్టాలి కదా! ‘ప్రభువా, ఈ అప్పు పుచ్చుకోనా’ అని మొదలుపెట్టాను. పత్రం లేదు, గడువు లేదు. తగ్గిన కంకరతో ముడిపడిన డబ్బు. దానిని అప్పనడానికి నోరు రాలేదు. ‘సహాయం’ అని చూశాను. అదీ నిలువలేదు. చివరకు లంచమన్న మాటే వాడవలసివచ్చింది. ఆ మాట పైకి అన్న తరువాత, ఏ వాక్యం వైపు తిరగాలో వెదకనక్కరలేకపోయింది. త్రవ్వని బావులు, నాటని తోటలు వాటంతట అవే జ్ఞాపకం వచ్చాయి. లంచం తెలివిగలవారి చూపును పోగొడుతుందన్న హెచ్చరిక అదే గ్రంథం 16వ అధ్యాయంలో ఉంది.

ఆ మాటలు నేను ఆ రాత్రి నేర్చుకొన్నవి కావు. గెత్సేమనే తోటలో యేసు శిష్యులను మెలకువగా ఉండి ప్రార్థించమన్నది కూడా శోధన రాకముందే, వారు నిద్రపోయారు. శోధనలోనికి తేవద్దని రోజూ ప్రభువు ప్రార్థనలో అడుగుతాం. దేవుడే మనుషులను ప్రలోభపెడతాడన్న అపార్థం రాకూడదని ఫ్రెంచి కతోలికులు 2017లో ఆ మనవి మాటలు మార్చుకొన్నారు. 2020లో ఇటలీ పూజాగ్రంథంలోనూ మార్పు వచ్చింది. దేవుడెవరినీ చెడుకు పురికొల్పడనీ, ఎవరి దురాశ వారినే ఈడుస్తుందనీ యాకోబు పత్రిక ఏనాడో స్పష్టం చేసింది. నా మట్టుకు నాకు ఆ మనవి, నా బలం ఎంతో నాకు తెలుసునని ఒప్పుకోవడంగా తోస్తుంది.

తెల్లవారుజామున నా భార్యను లేపి అంతా చెప్పాను. ఆమె కాసేపు ఊరుకొని, “గాజులున్నాయి కదండీ, ముందు వాటి సంగతి చూడండి” అన్నది. ఆ మధ్యాహ్నం ఎం బుక్‌లో కొలిచినవి కొలిచినట్లు వ్రాశాను. గాజులు అమ్మగా వచ్చినదీ, ఉద్యోగుల సొసైటీ ఇచ్చిన అప్పూ కలిసి ఆపరేషన్ జరిగింది. పోతీఫరు ఇంట పైవస్త్రం విడిచి పారిపోయిన యోసేపుకు చెరసాల దక్కింది. నాకు వేసవిలో మన్యానికి బదిలీ వచ్చింది. దానికీ ఎం బుక్‌కూ సంబంధం ఉందని ఎవరూ అనలేదు, లేదనీ అనలేదు. ఆ కంట్రాక్టరు తరువాత కూడా ఆరాధనలో కనబడితే వందనాలు చెప్పేవారు. నేనూ చెప్పేవాణ్ణి.

ఇప్పుడు ఆదివారాలు పిల్లలకు కంఠత వాక్యాలు నేర్పుతున్నాను. ఈ ఏడాది విడివిడి వచనాలు మాని, ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయం మొత్తం పెట్టాను. చాలా పెద్దదని తల్లులు గొణుగుతున్నారు. మూడు వారాలయింది. బావుల దాకా తడబడకుండా అప్పజెప్పినది ఇంతవరకు ఒక్క పిల్లే.