బరువు తగ్గమని చెప్పే ముందు

కారు నడపడం కూడా ఒక క్రీడేనా అని నేను చాలాకాలం వెక్కిరించాను. ఆదివారాలు మా మనవడు టీవీలో ఫార్ములా వన్ పందేలు చూస్తుంటే, "కూర్చొని చక్రం తిప్పేవాడికి అంత ఆయాసం దేనికిరా?" అని అడిగేవాణ్ణి. 2023 అక్టోబరులో ఖతార్‌లో జరిగిన పందెం నా నోరు మూయించింది. ఆ రాత్రి వేడికి, ఉక్కకు తాళలేక ఒక చోదకుడు శిరస్త్రాణంలోనే వాంతి చేసుకున్నాడు. మరొకడు పందెం మధ్యలోనే విరమించుకున్నాడు. కొందరు కారు దిగి నిలబడడానికే ఇబ్బంది పడ్డారు. వారందరూ ఏళ్ళ తరబడి శిక్షణ పొందిన యువకులు.

వైద్యుడిగా ఆలోచిస్తే ఇందులో వింత లేదు. కూర్చున్నంత మాత్రాన గుండెకు విశ్రాంతి దొరకదు. వేగంగా మలుపు తిరిగేటప్పుడు చోదకుడి శరీరాన్ని పక్కకు నెట్టే బలం గురుత్వాకర్షణకు నాలుగైదు రెట్లుంటుంది. శిరస్త్రాణంతో కలిపి ఆరేడు కిలోలుండే తల ఆ క్షణంలో ముప్పై కిలోలలా తూగుతుంది. దానిని నిలబెట్టేవి మెడ కండరాలే. బ్రేకు తొక్కడానికి వంద కిలోల బలం కావాలి. కండరాలు కదలకుండా బిగుసుకొని పనిచేసేటప్పుడు వాటిలోని రక్తనాళాలు నొక్కుకుపోయి రక్తపీడనం పెరుగుతుంది. ఉద్వేగం వలన అడ్రినలిన్ పెరుగుతుంది. నిప్పంటని మందపాటి దుస్తులలో ఒంటి వేడి బయటకు పోదు. అందువలన గంటన్నర పాటు గుండె నిమిషానికి 150 నుంచి 170 సార్లు కొట్టుకొంటూనే ఉంటుంది. ఉక్కపోత గల ప్రదేశాలలో ఒక్క పందెంలోనే రెండు మూడు కిలోల బరువు చెమటగా పోతుంది.

దీనిని తట్టుకోవడానికే ఈ చోదకులు సైకిలు, పరుగు, ఈత వంటి దీర్ఘకాలిక శ్రమ గల క్రీడలను ఆశ్రయిస్తారు. 2009లో ప్రపంచ విజేతగా నిలిచి, మరుసటి ఏడు మెక్‌లారెన్ జట్టుకు మారిన జెన్సన్ బటన్ ఈ మూడూ కలిసిన ట్రయాథ్లాన్ పోటీలలో పాల్గొనేవాడు. ఇటువంటి వ్యాయామం నెలల తరబడి చేస్తే రక్తంలోని ప్లాస్మా పరిమాణం పెరుగుతుంది. గుండె ఒక్కొక్క స్పందనతో ఎక్కువ రక్తాన్ని పంపుతుంది. చెమట త్వరగా మొదలై ఒంటిని చల్లబరుస్తుంది. ఇవన్నీ మంచి మార్పులే. అయితే మంచి మందుకు కూడా మోతాదు ఉంటుంది. ఆ సంగతి నాకు గుర్తు చేసినవాడు ఫిన్లండ్ దేశస్థుడైన వాల్తెరి బొట్టాస్.

బొట్టాస్ 2013లో విలియమ్స్ జట్టుతో ఫార్ములా వన్‌లో ప్రవేశించాడు. 2014లో కొత్త ఇంజన్ల నిబంధనలతో కార్ల బరువు పెరిగింది. చోదకుడు ఎంత తేలికైతే కారు అంత వేగం. రెండు నెలలలో అయిదు కిలోలు తగ్గాలని తనకు చెప్పారనీ, తాను అంతటితో ఆగలేదనీ ఆయన చాలా ఏళ్ళ తరువాత బహిరంగంగా వెల్లడించాడు. తిండి తగ్గించాడు, వ్యాయామం పెంచాడు. కారు వేగం పెరిగింది గాని మనిషి కుంగిపోయాడు. అది ఆహార రుగ్మతగా మారిందని, మనస్తత్వ నిపుణుల సహాయంతో బయటపడ్డానని ఆయనే చెప్పుకొన్నాడు.

క్రీడాకారులలో శ్రమకు తగిన ఆహారం అందనప్పుడు కలిగే ఈ స్థితికి అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం 2014లోనే ఒక పేరు పెట్టింది. మన భాషలో దానిని సాపేక్ష శక్తి లోపం అనవచ్చు. శరీరం పొదుపు మొదలుపెడుతుంది. హార్మోనులు తగ్గుతాయి, ఎముకలు బలహీనమవుతాయి, నిద్ర చెదురుతుంది, మనసు మొద్దుబారుతుంది. స్త్రీలలో నెలసరి ఆగిపోవచ్చు. బయటివారికి మాత్రం ఆ మనిషి "చక్కగా సన్నబడ్డాడు" అనిపిస్తుంది.

ఇది చదివినపుడు నాకు ముప్పై ఏళ్ళ క్రిందటి ఒక బస్సు డ్రైవరు జ్ఞాపకం వచ్చాడు. నలభై దాటిన మనిషి. మధుమేహం, కాస్త రక్తపీడనం, పెద్ద పొట్ట. గ్లిబెన్‌క్లమైడ్ మాత్రలు ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి రాసి, "పది కిలోలు తగ్గాలి. లేకపోతే ఈ ఉద్యోగం ఎక్కువ కాలం చేయలేవు" అని గట్టిగా చెప్పాను. బయట వరుసలో నూరు మంది ఉన్నారు. ఎలా తగ్గాలో చెప్పలేదు. ఎప్పుడు తింటావు, ఎప్పుడు పడుకొంటావు అని అడగలేదు. అతను ఆ నెలలోనే మరొక డిపోకు మారాడని, రాత్రి సర్వీసు వేశారని నాకు తెలియదు.

అతను బరువు తగ్గడానికి రాత్రి భోజనం మానేశాడు. మాత్ర మాత్రం మానలేదు. ఒక అర్ధరాత్రి ప్రయాణికులతో వెళుతుండగా ఒళ్ళంతా చెమట పట్టింది, చేతులు వణికాయి, బస్సు రోడ్డు అంచుకు జరగసాగింది. కండక్టరు కేకవేసి ఆపించాడు. అడిగినదానికి డ్రైవరు పొంతన లేని జవాబులు చెబుతుంటే, పక్కనున్న టీ దుకాణంలో చక్కెర నీళ్ళు తాగించి ఆసుపత్రికి చేర్చారు. ఎవరికీ ప్రమాదం జరగలేదు.

కొన్ని రోజులకు నా దగ్గరకు వచ్చాడు. "ఏమయ్యా, మాత్ర వేసుకొని అన్నం మానేశావా?" అని కోప్పడ్డాను.

"మీరే కదా సార్ తగ్గమన్నది. నెలలో నాలుగు కిలోలు తగ్గాను చూడండి" అన్నాడు. ఆ మాటలో ఫిర్యాదు లేదు, గర్వం ఉంది. అది విన్నాక నా కోపం నా మీదికే తిరిగింది. ఆ బస్సులోని ప్రయాణికులను నిజానికి ప్రమాదం అంచు దాకా తీసుకువెళ్ళింది నా చీటీయే. మందు మార్చాను. డ్యూటీ వేళలను బట్టి అతని భోజన వేళలు కాగితం మీద రాయించాను. నాటి నుంచి ఏ రోగికైనా బరువు తగ్గమని చెప్పే ముందు అతని దినచర్య అడగడం అలవాటు చేసుకొన్నాను.

ఫార్ములా వన్ నిర్వాహకులు కూడా ఈ పాఠం నేర్చుకొన్నారు. 2019 నుంచి చోదకుడు, అతని ఆసనం కలిపి కనీసం 80 కిలోలు ఉండాలని నిబంధన పెట్టారు. తక్కువైతే ఆసనం వద్దనే అదనపు బరువు అమర్చాలి. అంటే ఆకలితో మాడినందువలన కలిగే లాభం లేకుండా పోయింది. 2025లో దానిని 82 కిలోలకు పెంచారు. ఎందరికో వ్యక్తిగత క్రమశిక్షణ పేరిట చేటు చేసిన సమస్యను ఒక చిన్న నిబంధన చాలావరకు తీర్చింది.

బొట్టాస్ 2017లో మెర్సిడెస్‌కు మారాడు. అక్కడ పది విజయాలు సాధించినా, 2018లో ఒక్కటీ గెలవక క్రీడనే విడిచిపెట్టాలనుకొన్నాడు. 2022లో ఆల్ఫా రోమియోకు వెళ్ళాడు. 2025లో పందెం కారు దక్కక, అదనపు చోదకుడిగా మెర్సిడెస్‌కే తిరిగివచ్చాడు. తరువాత కాడిలాక్ అనే కొత్త జట్టు 2026 కోసం ఆయనను ఎంచుకొంది. ఇన్ని మార్పుల నడుమ ఆయనతో నిలిచినది సైకిలు. జీవిత సహచరి టిఫనీ క్రామ్‌వెల్ వృత్తిరీత్యా సైక్లిస్టు. ఇద్దరూ కంకర బాటలపై జరిగే దూరపు పోటీలలో పాల్గొంటారు. 2023లో ఫిన్లండ్‌లోని లాహ్తిలో అటువంటి పోటీని వారే ప్రారంభించారు. ఒకప్పుడు తనను తాను శిక్షించుకొన్న శ్రమనే ఆయన ఇప్పుడు ఆనందం కోసం చేస్తున్నాడు.

పాఠకులారా, మనం పందెం కార్లు నడపము. కాని ఉద్యోగాలు మారతాము, ఊళ్ళు మారతాము, పదవీ విరమణ చేస్తాము. అటువంటి మార్పులలో ముందుగా చెదిరేవి నిద్ర, భోజన వేళలు. అప్పుడే కొందరు పట్టుదలతో బరువు తగ్గించే ప్రయత్నం కూడా మొదలుపెడతారు. వారికి నా మనవి ఇది.

వారానికి అరకిలో, మహా అయితే కిలో తగ్గితే చాలు. వారంలో మొత్తం 150 నిమిషాలు, మాట్లాడగలిగి పాట మాత్రం పాడలేనంత వేగంతో నడవండి, లేదా సైకిలు తొక్కండి. గుండె జబ్బు, మధుమేహం ఉన్నవారు ముందు వైద్యుని సలహా తీసుకోండి. ఇన్సులిన్ గాని, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారు భోజనం మానవద్దు. జేబులో చక్కెర ఉంచుకోండి. చెమట, వణుకు, తికమక కనిపిస్తే, స్పృహ ఉన్నవారికి మూడు నాలుగు చెంచాల చక్కెర నీటిలో కలిపి ఇవ్వండి. స్పృహ లేనివారి నోటిలో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఈ మాత్రల ప్రభావం చాలా గంటలు ఉంటుంది గనుక, తేరుకొన్నా వైద్యునికి చూపించాలి.

మీ ఇంట్లో ఎవరైనా వేగంగా సన్నబడుతుంటే మెచ్చుకొనే ముందు ఒక్క మాట అడగండి: "నిన్న రాత్రి ఏమి తిన్నావు?" ఆ ప్రశ్న ఆనాడు నేను అడిగి ఉండవలసింది.