తగిలితే మంట

రొమ్ము ఆపరేషన్ అయ్యి ఏడాది దాటింది. కుట్లు మానాయి గానీ పైట అంచు తగిలినా మంటే. చంక కింద మొద్దుబారి ఉంటుంది, ఆ పక్కనే చీమలు పాకినట్టు. పైకి ఏమీ కనపడదు కదా, "ఇంకా నొప్పేంటమ్మా?" అంటారు అత్తయ్యగారు.

చంకలో లింఫ్ గ్రంథులు తీసేటప్పుడు, అక్కణ్ణుంచి చేతి లోపలివైపుకి వెళ్లే ఇంటర్‌కోస్టోబ్రాకియల్ నరం దెబ్బతినొచ్చట. చర్మం మానినా నరం అరుస్తూనే ఉంటుంది. దీనికి మామూలు నొప్పి బిళ్లలు అంతగా పనిచేయవు. గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి డాక్టరే చూసి ఇవ్వాలి.

మందుతో పాటు రోజూ కాసేపు దూదితో నిమురుకుంటాను. అది అలవాటయ్యాక పాత నూలు చీర ముక్కతో, ఆ తర్వాత తువ్వాలుతో. పిల్లలకి అక్షరాలు దిద్దించినట్టు చర్మానికి స్పర్శ మళ్లీ నేర్పడమన్నమాట. రాజమండ్రి బస్సెక్కితే చంక కింద చిన్న దిండు, మా రావులపాలెంలో అరటిగెలలకి దెబ్బ తగలకుండా ఎండాకు వేసినట్టు.

నాకు నొప్పెడుతుందని మా అమ్మాయి వాటేసుకోడం మానేసింది. మంటకన్నా అదే ఎక్కువ బాధించింది. "ఎడంపక్క వద్దు, కుడిపక్కనుంచి రావే" అని చెప్పాను. ఇప్పుడు రోజూ వస్తోంది.