వూజావే ల తాఁ?

ఈ వయసులో తెలుగు మేష్టరికి ఫ్రెంచి ఎందుకంటారా? సరదా! ఆ సరదాతోనే యానాం గోదావరి గట్టున, ఫ్రెంచి పుస్తకం చదువుకుంటున్న ఒక పెద్దాయన్ని టైమెంతయిందని అడగబోయి, "వూజావే ల తాఁ?" అన్నాను.

ఆయన మొహం వికసించింది. పుస్తకం మూసి, పక్కకు జరిగి చోటిచ్చారు.

టైము కావాలంటే "లోర్" అనాలి. "తాఁ" అంటే తీరిక. (వాతావరణానికీ అదే మాట!) మీకు తీరికుందా అని అడిగానన్నమాట.

"జే ద్యూ తాఁ," అన్నారాయన. నాకు కాస్త వ్యవధి ఉందని. 1954కు ముందు బళ్లో నేర్చిన భాషట; మాట్లాడేందుకు ఈడువాళ్లెవరూ మిగల్లేదట.

నా కాకినాడ బస్సు వేళయింది. నాకు తీరిక లేదనడానికి "జ నే పా ల తాఁ" అనాలని తెలుసు. నోరు రాలేదు. బస్సు వెళ్లిపోయింది.