మిగతాది రేపు

పిల్లలకి చదివే అలవాటు చెయ్యాలని నిశ్చయించుకున్న పెద్దలు మొట్టమొదట చేసే పని, వాళ్ళ చేతిలో ఫోను లాక్కోవడం. రెండోది, లాక్కున్న ఆ ఫోను తాము చూస్తూ కూర్చోవడం. ఈ రెంటికీ మధ్య ఓ పుస్తకం తెచ్చి పిల్లవాడి ముందు పడేసి, ‘‘ఇది చదువు, జ్ఞానం వస్తుంది’’ అంటారు. వాడు బొమ్మలేమైనా ఉన్నాయేమోనని నాలుగు పేజీలు తిరగేసి మంచం కిందికి తోసేస్తాడు. వాడి తప్పేం లేదు. ఫోను పోయిన దుఃఖంలో ఉన్నవాడికి శిక్షగా దాపురించిన పుస్తకం మీద ప్రేమ ఎక్కణ్ణించి వస్తుంది?

అలాగని ఫోన్ని మరీ ఆడిపోసుకోను. ఫోన్లు లేని రోజుల్లో ఊళ్ళో పిల్లలందరూ పుస్తకాల పురుగులేం కాదు. గోళీలున్నాయి, కోతికొమ్మచ్చి ఉంది, టూరింగ్ టాకీసు ఉంది. వీటన్నిటినీ కాదని కూడా కొందరు పుస్తకం పట్టుకున్నారంటే దానికో కారణం ఉండాలి. చాలా ఇళ్ళలో ఆ కారణం పేరు చందమామ. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో మొదలుపెట్టిన ఆ పత్రిక ఇంటికి రాగానే ముందెవరు చదవాలన్న దగ్గర అన్నాచెల్లెళ్ళు కొట్టుకునేవాళ్ళు. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియళ్ళు, ‘తోకచుక్క’ మొదలుకొని, సరిగ్గా ప్రాణం మీదికొచ్చిన చోట ఆగిపోయేవి. మిగతాది తెలియాలంటే నెల్లాళ్ళు ఆగాలి. పత్రికకి ఆనాటి వెన్నెముక కొడవటిగంటి కుటుంబరావు. 1952 నుంచి 1980లో పోయేదాకా అక్కడే పనిచేశారు. ఆ పత్రికలో వాక్యాలు, అక్షరాలు కూడబలుక్కునే పిల్లలకి కూడా అడ్డం పడేవి కావు. కథ లాక్కుపోతుంటే మాటల అర్థం అడగడానికి ఆగక్కర్లేకపోవడం చిన్న విషయం కాదు.

నేననేది ఇంతే: పిల్లల్లో పుస్తకం మీద ఇష్టం మొదట పుట్టదు. తర్వాతేమైందన్న ఆత్రం పుడుతుంది. ఆ ఆత్రం తీర్చే మనిషి పక్కన లేనప్పుడు చెయ్యి పుస్తకం మీదికి పోతుంది.

కాబట్టి పుస్తకం కొనడానికంటే ముందు, చదివి వినిపించే మనిషి కావాలి. మా తమ్ముడు రోజూ రాత్రి మనవణ్ణి పక్కన పడుకోబెట్టుకుని చదువుతాడు. వాడికి ఐదేళ్ళు, ఇంకా గుణింతాల దగ్గరే ఉన్నాడు. నిద్ర ముంచుకొస్తుంటే తమ్ముడు ఓ పేరా ఎగరగొట్టేసి పేజీ తిప్పబోతాడు. వాడు లేచి కూర్చుంటాడు. ‘‘తాతయ్యా, ముసలమ్మ రొట్టె ఇచ్చింది కదా, అది చదవలేదు!’’ అక్షరం రాకపోయినా ఆ కథ ఏ పేజీలో ఎక్కడుందో వాడికి తెలుసు. వేలు సరిగ్గా అక్కడే పెడతాడు. ఈ మధ్య తమ్ముడు ఇంకో ఎత్తు వేశాడు. పులి నోరు తెరిచిన చోట పుస్తకం మూసేసి, ‘‘మిగతాది రేపు’’ అని లైటు తీసేస్తాడు. మర్నాడు పొద్దున వంటింట్లో వాడు ఆ పుస్తకం తెచ్చి వాళ్ళమ్మ చీర కొంగు పట్టుకుని లాగుతున్నాడు. ఆవిడ పోపు వేస్తోంది, చదివే తీరిక లేదు. వాడే గచ్చు మీద చతికిలబడి ‘ప’కి కొమ్ము ‘పు’, ‘ల’కి గుడి ‘లి’ అంటూ ఒక్కో అక్షరం కూడదీసుకోవడం మొదలెట్టాడు. ఇంట్లో ఎవరూ వాణ్ణి చదవమనలేదు.

ఇది కొత్తగా కనిపెట్టిన చిట్కా కూడా కాదు. భావనగర్ దక్షిణామూర్తి బడిలో పిల్లలకి పాఠాలు చెప్పిన గిజుభాయి బధేకా తన ‘పగటికల’ పుస్తకంలో ఇదే చూపించాడు. అందులో లక్ష్మీరామ్ అనే మాస్టారు నాలుగో తరగతికి వెళ్తాడు. పిల్లలు మాట వినరు, గోల. ఆయన బెత్తం తియ్యకుండా కథ మొదలెడతాడు. క్లాసు తనంతట తనే సర్దుకుంటుంది. కథల రుచి తగిలాక, పాఠ్యపుస్తకాలకి పెట్టే డబ్బుతో కథల పుస్తకాలు కొనిపించి క్లాసులోనే గ్రంథాలయం పెట్టిస్తాడు. ఉపాధ్యాయ శిక్షణలో ఈ పుస్తకం పేరు చెప్పని వాళ్ళు తక్కువ. ఆచరించే వాళ్ళు ఇంకా తక్కువ.

బళ్ళో ఆచరించేది వేరే ఉంది. కథ అయిందో లేదో, ‘‘ఇందులో నీతి ఏమిటి?’’ అని అడుగుతారు. తిన్నది గొంతు దిగకముందే ఏం తిన్నావో కక్కి చూపించమన్నట్టు ఉంటుంది. ఆ ప్రశ్న ఎప్పుడొస్తుందో తెలిసిన పిల్లవాడు కథ వినడు, నీతి కోసం వెతుకుతాడు. పది పేజీలు చదివి అర పేజీ సారాంశం రాయమనడం దీని తమ్ముడు. నా చేతిలో ఉంటే ఈ రెంటినీ ఐదో తరగతి దాకా నిషేధిస్తాను.

ఇక ఏ పుస్తకాలివ్వాలి? ఇప్పటి మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం కష్టం. హైదరాబాదులో ఉన్నా అంతే, డాలస్‌లో ఉన్నా అంతే. వాళ్ళకి పుట్టినరోజు కానుకగా ఇటుకంత లావు భారతం ఇచ్చే బంధువులు నాకు తెలుసు. పిల్లవాడికి కావలసింది పేజీకి రెండు మూడు వాక్యాలు, పెద్ద అక్షరాలు, మంచి బొమ్మ, పావుగంటలో అయిపోయే కథ. ‘నేనొక పుస్తకం పూర్తిచేశాను’ అనిపించాలి ముందు. సికింద్రాబాదు మంచి పుస్తకం వాళ్ళు ఇలాంటివి ఏళ్ళ తరబడి వేస్తున్నారు. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్‌లో స్థాయిల వారీగా తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. లాక్కున్న ఫోన్లో అవి చదివి వినిపించినా నాకు అభ్యంతరం లేదు. కాస్త పెద్దవాళ్ళయితే హైదరాబాద్ బుక్ ట్రస్టు వేసిన ‘రైలు బడి’ ఉంది. కామిక్సా? శుభ్రంగా ఇవ్వండి. దెయ్యాల కథలా? అవీ ఇవ్వండి.

పుస్తకాలు దొరకడం ఒక ఎత్తు, అవి చేతికి అందడం ఇంకో ఎత్తు. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. పుస్తకాలే మనుషుల దగ్గరికి వెళ్ళాయన్నమాట. ఇవాళ ఎన్నో బళ్ళలో పుస్తకాలు హెడ్మాస్టరు గదిలో బీరువాలో ఉంటాయి. తాళంచెవి మాస్టారి జేబులో ఉంటుంది. ఆయన్ని తిట్టి లాభం లేదు. స్టాకు రిజిస్టరులో ఉన్న పుస్తకం పోతే జవాబు చెప్పుకోవలసింది ఆయనే. చినిగిన పుస్తకం చదివిన పుస్తకమేనని రిజిస్టరు ఒప్పుకునేదాకా తాళం ఊడదు. ఓ మండల పరిషత్ బళ్ళో మాత్రం ఒక టీచరమ్మ కిటికీ నుంచి కిటికీకి నైలాన్ తాడు కట్టి, బట్టల క్లిప్పులతో పుస్తకాలు వేలాడదీయడం చూశాను. సరిగ్గా మూడో తరగతి పిల్లల చెయ్యి అందేంత ఎత్తులో. ఇంటర్వెల్లో తాడు సగం ఖాళీ. రెండు పుస్తకాలకి అట్టలు లేవు, ఒకదాని మీద చింతకాయ పచ్చడి మరక. అన్నిటికంటే ఎక్కువ గిరాకీ ఆ మరక పుస్తకానికే.

బెజవాడ పుస్తక మహోత్సవం మామూలుగా జనవరి మొదట్లో ఉంటుంది. హైదరాబాదు బుక్ ఫెయిర్ మామూలుగా డిసెంబరులో. ఈసారి పిల్లల్ని తీసుకెళ్ళండి. వాళ్ళ చేతిలో ఓ రెండొందలు పెట్టి, మీరు కాస్త ఎడంగా వెళ్ళి టీ తాగండి. వాళ్ళేం కొన్నా, ఎంత పిచ్చి పుస్తకం కొన్నా, ‘‘ఇదెందుకు కొన్నావు?’’ అని మాత్రం అనకండి. ఆ రాత్రికి అదే పుస్తకం మీరు పైకి చదవండి.