తాళం తీస్తే కథలే!

పాలకొల్లు పేరు చెబితే చాలు, సినిమా అభిమానులకి హుషారు పుట్టుకొస్తుంది. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ... ముగ్గురూ ఈ గడ్డమీద పుట్టినవాళ్లే మరి! క్షీరారామం గాలిగోపురం తొమ్మిదంతస్తులూ తలెత్తి చూసి, బజారు వైపు నడిచాను. అక్కడక్కడ షట్టరు దించేసిన కొట్లు, తుప్పు పట్టిన తాళాలు. అప్పుడే నాకో ఆలోచన తట్టింది.

ఈ ఊరికి వలసలు కొత్తకాదు. 17వ శతాబ్దంలోనే డచ్చివాళ్లు బట్టల బేరానికి ఓడలెక్కి వచ్చి ఇక్కడ మకాం పెట్టారు. 1825లో ఊరిని ఇంగ్లీషువాళ్లకి అప్పగించి పోయారు. వాళ్ల సమాధులు మిగిలాయి, కబుర్లు మిగల్లేదు.

ఆ తర్వాత మనవాళ్లే ఊళ్లు దాటారు. వేషాల కోసం మద్రాసుకి, కూటికోసం కువైట్‌కి! మద్రాసులో డ్రైవ్-ఇన్ ఉడ్‌ల్యాండ్స్ హోటలుండేది. 1962లో తెరిచారు. అక్కడ కాఫీ కప్పుల మధ్య ఎన్ని సినిమా కథలు రూపు దిద్దుకున్నాయో! 2008లో అదీ మూతపడింది. ఇప్పుడక్కడ పార్కుంది. చోటు పోతే కబుర్లూ చెల్లాచెదురే.

మూతపడ్డ చోటుని న్యూయార్కువాళ్లు ఏం చేశారో చూడండి. వలసవచ్చిన పేదల పేటలో, ఆర్చర్డ్ వీధి 97వ నంబరులో 1863 నాటి మేడ ఉంది. 1935 నుంచీ పై వాటాలకి తాళాలే, కింద కొట్లు మాత్రం నడిచేవి. చిన్న కొట్టుగది కోసం వెతుకుతున్న ఇద్దరు మహిళలు 1988లో దాన్ని చూశారు, మ్యూజియం చేశారు. అక్కడ కాపురమున్న కుట్టుపనివాళ్ల కథలే నేడు జనం టిక్కెట్టు కొని వింటున్నారు!

మనకి మ్యూజియం దాకా ఎందుకు? ఒక ఖాళీ కొట్టు, రెండు బెంచీలు, వారానికో సాయంత్రం చాలు. యజమానికి కరెంటు బిల్లు కడితే కాదనడేమో! పెద్ద నటుల సంగతులు పుస్తకాల్లో ఉంటాయి. కానీ రీళ్లు తిప్పిన ఆపరేటరు బాబాయ్, గోడలకి పోస్టర్లంటించిన పెద్దాయన, కువైట్లో పదేళ్లు వంటచేసొచ్చిన పిన్ని... వీళ్ల కథలు ఎవరు రాస్తారు? వాళ్లతోపాటే పోతాయి.

కుర్రాళ్లూ, మీ జేబులో ఫోనుంది, రికార్డు చెయ్యండి. రేపటి దాసరికి కావలసిన కథ ఆ బెంచీమీదే దొరకొచ్చు. మరి షట్టరెత్తేదెవరు?