నీళ్ళు వార్చడం

మా వడ్డాది వైపు శీతకాలమంటే చెరకు నరికి బెల్లం వండే కాలం. గొట్టంలో నీరు గడ్డకట్టునన్న భయం మాకు లేదు. మన్యంలోని లంబసింగిలో చలి సున్నా డిగ్రీల దాపునకు వచ్చినా, పొద్దెక్కితే విడిపోతుంది.

అమెరికాలో మిన్నెసోటా వంటి చోట్ల స్థిరపడిన మనవారి సంగతి వేరు. నీరు మంచుగా మారేటప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. తోటకు నీరు చిమ్మడానికి నేలలో పాతిన గొట్టాల్లో అది మిగిలిపోతే, గొట్టాలు పగులుతాయి. ఆ పగులు వసంతంలో నీరు వదిలినప్పుడు గాని బయటపడదు. అందుచేత చలి ముదరకముందే, అక్టోబరులో, సరఫరా కట్టివేసి, ఎయిర్ కంప్రెసరుతో ఒక్కొక్క వరుసనే ఊది నీటిని వెడలగొడతారు. ఇందులో ఒత్తిడి కంటె గాలి పరిమాణమే ముఖ్యం. పి.వి.సి. గొట్టాలకు 80, మెత్తని పాలిథీన్ గొట్టాలకు 50 పి.ఎస్.ఐ. మించరాదని అక్కడ సాధారణంగా చెప్పే హద్దు. నీరు పోయాక కూడా ఊదుతూ ఉంటే, ఒట్టి గాలికి తిరిగే భాగాలు వేడెక్కి చెడతాయి. కంటికి రక్షణ లేనిదే ఆ దగ్గర నిలువరాదు.

దీనిని వారు ‘వింటరైజ్ చేయడం’ అంటారు. తెలుగులో ‘వార్చడం’ చాలదా? గంజి వార్చినట్లే గొట్టాలనూ వార్చడం. ఊదే యంత్రానికి మన ఊదుగొట్టం ఉండనే ఉంది. మంచు ఎరుగని భాషకు మంచు దేశపు పని చెప్పడం చేతకాదనుకోరాదు. వంటింట్లో వెదికితే మాట దొరుకుతుంది. అక్కడ పుట్టిన మనవలు పెరటి పని తెలుగులో చెప్పుకోలేకపోతే, తెలుగు వారికి పండుగనాటి పట్టుబట్టగానే మిగులుతుంది. ఇంతకంటె మేలైన మాట తోచినవారు తెలుపగలరు.